పత్తి ఊళ్లో ఊపిరి కథ

ముక్కు దగ్గర మొదలై కోట్లాది గాలి తిత్తుల దగ్గర ముగిసే ప్రయాణం... ఊపిరి! ఆ దారికి దూది నుసి అడ్డం పడితే ఏమవుతుంది? ఆదోని, ఎమ్మిగనూరుల్లో ఇంటింటికీ తెలియాల్సిన సంగతి ఇది.

దసరా దాటిందంటే చాలు, ఆదోని మార్కెట్ యార్డు తెల్లబడిపోతుంది. చుట్టుపక్కల పల్లెల నుంచి పత్తి లోడు ట్రాక్టర్లు బారులు తీరతాయి. జిన్నింగు మిల్లుల్లో గింజ వేరవుతుంది, దూది వేరవుతుంది. దూదిని ప్రెస్సులో బిగిస్తే 170 కిలోల బేలు. గింజేమో నూనె మిల్లుకి. అక్కడికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఎమ్మిగనూరులో నూలు మగ్గం ఎక్కుతుంది. మాచాని సోమప్ప చొరవతో 1938లో మొదలైన చేనేత సహకార సంఘం ఆ ఊరి పేరును చాలా దూరం తీసుకెళ్లింది.

పత్తికి తూకం ఉంది. గింజకు లెక్క ఉంది. బేలుకు నంబరుంది. ఏ లెక్కలోకీ రానిది ఒక్కటే... గాల్లోకి లేచే నుసి! అందులో కొంత నేలమీద పడుతుంది. కొంత గోడలకీ దూలాలకీ అంటుకుంటుంది. మరికొంత, అక్కడ పనిచేసేవాళ్ల ఛాతీలోకి వెళుతుంది.

రోజుకు 500 క్యాన్లు

ఊరికే కూర్చున్న మనిషి నిమిషానికి 12 నుంచి 16 సార్లు ఊపిరి తీస్తాడు. ఒక్కోసారి లోపలికి వెళ్లేది దాదాపు అర లీటరు గాలి. రోజు మొత్తం మీద సుమారు పది వేల లీటర్లు! ఇళ్లకు తెచ్చుకునే 20 లీటర్ల మంచినీళ్ల క్యాన్లతో కొలిస్తే, 500 క్యాన్లన్నమాట. అది కూర్చున్న మనిషి లెక్క. బోరాలు మోస్తూ, యంత్రానికి పత్తి అందిస్తూ చెమటోడ్చే మనిషికి ఎనిమిది గంటల షిఫ్టులోనే అంత గాలి కావాలి. అంటే, ఎంత కష్టపడితే అంత గాలి. గాల్లో నుసి ఉంటే, అంత నుసి!

ఈ గాలిని లోపలికి లాగేది ఊపిరితిత్తులే అనుకుంటారు చాలామంది. నిజానికి వాటికి ఆ బలం లేదు. పని చేసేది వాటి అడుగున గొడుగులా పరచుకున్న ఉదరవితానం, పక్కటెముకల మధ్య ఉండే కండరాలు. ఉదరవితానం కిందికి దిగితే ఛాతీ విశాలమవుతుంది. కమ్మరి కొలిమి తిత్తిలోకి వచ్చినట్టు బయటి గాలి లోపలికి వస్తుంది. అది పైకి లేస్తే గాలి బయటికి పోతుంది. ఎప్పుడు తీయాలో, ఎంత వేగంగా తీయాలో చెప్పేది మెదడు అడుగు భాగం. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగిందని తెలియగానే అది ఊపిరి వేగం పెంచేస్తుంది. మిద్దె మెట్లెక్కితే రొప్పు వచ్చేది అందుకే.

ముక్కు దగ్గరే తనిఖీ

లోపలికి వచ్చిన గాలికి మొదటి చెక్‌పోస్టు ముక్కు. అక్కడి వెంట్రుకలు, జిగురు పెద్ద రేణువుల్ని పట్టేస్తాయి. గాలి వెచ్చబడి, తడి చేరి ముందుకు కదులుతుంది. గొంతులో అన్నం దారీ గాలి దారీ విడిపోయే చోట ఉపజిహ్విక అనే చిన్న మూత ఉంటుంది. ముద్ద మింగేటప్పుడు అది గాలి దారిని మూసేస్తుంది. తింటూ మాట్లాడితే పొలమారేది ఆ మూత సమయానికి పడకే!

ఆ తరువాత వాయునాళం. 10-12 సెంటీమీటర్ల గొట్టం. నలిగిపోకుండా దానికి 16 నుంచి 20 దాకా మృదులాస్థి వలయాలుంటాయి. ఛాతీలోకి వెళ్లాక అది రెండుగా చీలుతుంది. కుడివైపు కొమ్మ కాస్త వెడల్పు, కాస్త నిటారు. పసిపిల్లలు వేరుసెనగ గింజను పొరపాటున పీల్చేస్తే అది ఎక్కువగా కుడివైపే ఇరుక్కునేది ఇందువల్లే.

అక్కణ్నుంచి కొమ్మలు, రెమ్మలు. తలకిందులుగా పెట్టిన చెట్టులా దాదాపు 23 సార్లు చీలుతూ పోతాయి. చివరి రెమ్మలకు ద్రాక్ష గుత్తుల్లా వేలాడేవే వాయుగోణులు. రెండు ఊపిరితిత్తుల్లో కలిపి ఇవి 30 కోట్ల నుంచి 50 కోట్ల దాకా ఉంటాయి. వీటన్నిటినీ విప్పి పరిస్తే 70 చదరపు మీటర్లు, అంటే 750 చదరపు అడుగుల ఇల్లంత! వీటి గోడ ఎంత పలుచనంటే, మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా ఉండదు. ఆ గోడలోంచే ఆక్సిజన్ రక్తంలోకి వెళ్లి హిమోగ్లోబిన్ భుజమెక్కుతుంది. కార్బన్ డయాక్సైడ్ దిగి బయటికి వస్తుంది. పీల్చే గాలిలో 21 శాతం ఉన్న ఆక్సిజన్, వదిలే గాలిలో 16 శాతానికి తగ్గేది ఇక్కడే.

ఈ దారి పొడవునా పారిశుద్ధ్య సిబ్బంది కూడా ఉంటారు. శ్వాసనాళాల గోడల మీద శైలికలనే సన్నని నూగు ఉంటుంది. అది క్షణానికి పదిసార్లకు పైగా ఊగుతూ, దుమ్ము అంటుకున్న జిగురును గొంతు వైపు నెడుతుంది. బీడీ, సిగరెట్ పొగ మొదట దెబ్బతీసేది వీటినే. ఇంత కాపలా ఉన్నా మైక్రాన్ల లెక్కలో ఉండే సన్న నుసి తప్పించుకుని లోతుకు చేరిపోతుంది.

సెలవు మర్నాడే ఎందుకు?

పత్తి నుసి అంటే దూది పోగులు మాత్రమే కాదు. ఎండిన ఆకు పొడి, కాయను పట్టి ఉండే రేకుల పొడి, మట్టి, వాటి మీద పెరిగే బ్యాక్టీరియా... అన్నీ కలిసే ఉంటాయి. ఆ బ్యాక్టీరియా గోడల్లోని ఎండోటాక్సిన్ అనే విషపదార్థం శ్వాసనాళాలను వాపెక్కించి బిగదీస్తుంది. ఏళ్ల తరబడి దీనికి లోనైతే వచ్చే జబ్బు పేరు బిస్సినోసిస్.

దీని తీరే వేరు. ఒకరోజు సెలవు తీసుకుని మళ్లీ పనిలోకి దిగిన రోజున, కొన్ని గంటలకే ఛాతీ పట్టేసినట్టవుతుంది. దగ్గు, ఆయాసం. మర్నాటికి తగ్గుతుంది. మళ్లీ సెలవు తరువాత మామూలే! దీన్నే 'మండే ఫీవర్' అన్నారు. వరసగా పనిచేస్తుంటే శరీరం తాత్కాలికంగా అలవాటు పడుతుంది, విరామంతో ఆ అలవాటు పోతుంది. అందుకే ఈ తేడా. పట్టించుకోకపోతే ఛాతీ బిగుతు మిగతా రోజులకూ పాకుతుంది. తొలిదశలో నుసికి దూరమైతే కోలుకునే నాళాలు, ముదిరాక శాశ్వతంగా ఇరుకైపోతాయి. ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవచ్చు కూడా. నూలు వడికే మిల్లుల్లో దూదిని ఏకే విభాగంలో ఈ ముప్పు ఎక్కువ. జిన్నింగులోనూ ఉంది. శుభ్రమైన నూలుతో పనిచేసే చేనేత మగ్గం దగ్గర నుసి చాలా తక్కువ.

'ఏం పని చేస్తావు?'

జనపనార, అవిసెనార దువ్వేవాళ్ల దగ్గును ఇటలీ వైద్యుడు రామజ్జినీ మూడు వందల ఏళ్ల కిందటే గమనించాడు. రోగిని అడిగే ప్రశ్నలకు ఇంకొకటి చేర్చమని వైద్యులకు చెప్పిందీ ఆయనే. 'నువ్వు ఏం పని చేస్తావు?' అన్నదే ఆ ప్రశ్న. 1831లో జేమ్స్ కే అనే వైద్యుడు మాంచెస్టర్ నూలు కార్మికుల ఛాతీ జబ్బు గురించి రాశాడు. అమెరికా 1978లో నూలు తయారీ విభాగాల్లో ఘనపు మీటరు గాలికి 0.2 మిల్లీగ్రాములకు మించి పత్తి నుసి ఉండకూడదని హద్దు పెట్టింది.

మన దగ్గర 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం బిస్సినోసిస్‌ను ప్రభుత్వానికి తెలియజేయాల్సిన వ్యాధుల్లో చేర్చింది. దాని స్థానంలో వచ్చిన 2020 నాటి వృత్తి భద్రత కోడ్ కూడా ఆ జాబితాను కొనసాగించింది. రోగిని చూసిన వైద్యుడు ఆ సంగతి ఫ్యాక్టరీల అధికారులకు తెలపాలి. కానీ, రోగి ఎక్కడ పనిచేస్తున్నాడో తెలియకపోతే వైద్యుడు దాన్ని మామూలు ఉబ్బసమనే అనుకుంటాడు. సిరప్పు సీసాతో సరి! జబ్బు లెక్కకెక్కదు, మిల్లులో నుసీ తగ్గదు.

ఇవి మరవద్దు

* నుసిని పుట్టిన చోటే లాగేసే గొట్టాలు, ఫ్యాన్లు ఉండటమే అసలు రక్షణ. యాజమాన్యాలు ముందు చూడాల్సింది ఇదే. చీపురుతో పొడిగా ఊడిస్తే పడిన నుసి మళ్లీ లేస్తుంది. పీల్చే యంత్రంతో తీయడం మేలు.

* ముఖానికి కట్టుకున్న తువ్వాలు, కొంగు పెద్ద దుమ్మునే ఆపుతాయి. సన్న నుసికి ఎన్95 రకం మాస్కు ముఖానికి సరిగ్గా అమరాలి.

* సెలవు తరువాత పనిలోకి వెళ్లిన రోజే ఛాతీ బిగుస్తోందా? ఆ రోజు షిఫ్టుకు ముందు, తరువాత ఊదుడు పరీక్ష చేయిస్తే తేడా బయటపడుతుంది.

* దగ్గు రెండు వారాలు దాటితే ముందు కళ్లె పరీక్ష చేయించుకోవాలి. క్షయ పరీక్ష, మందులు ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం.

* బీడీ, సిగరెట్ మానేయాలి. నుసికి పొగ తోడైతే నష్టం ఇంకా ఎక్కువ.

అన్నిటికన్నా సులువైంది, పైసా ఖర్చు లేనిది ఇంకొకటుంది. ఆస్పత్రికి వెళ్లినప్పుడు డాక్టరు అడిగినా అడగకపోయినా, 'పత్తి మిల్లులో ఇన్నేళ్లుగా చేస్తున్నా, ఫలానా రోజు ఎక్కువవుతోంది' అని చెప్పాలి. ఇంట్లోవాళ్లు వెంట వెళితే వాళ్లయినా చెప్పాలి. ఆ ఒక్క మాటతోనే వైద్యం సరైన దారిలో పడొచ్చు.