నర్సుకు నీతిబోధలు

మానసిక రోగుల సేవ అనగానే మనవాళ్లు రెండు రకాలుగా మాట్లాడతారు. పెద్దమనుషులు నర్సుకు కరుణ బోధిస్తారు: తల్లిలా ఉండాలి, చిరునవ్వు చెదరరాదు అంటారు. మన మిత్రులు కొందరు అసలు ఆ ప్రసంగమే అక్కరలేదంటారు. దోపిడీ పోతే పిచ్చీ పోతుంది, అంతవరకూ ఇదంతా మధ్యతరగతి మనోవ్యాధి అని తోసేస్తారు. ఈ రెండు వాదాలూ చివరికి ఒకే పని చేస్తున్నాయని నా ఆరోపణ. రెండూ రోగిని గదిలో వదిలి తలుపు వేస్తున్నాయి.

పారిస్‌లో పిచ్చివాళ్ల సంకెళ్లు తెంచినవాడు డాక్టరు పినెల్ అని లోకంలో ప్రచారం. బిసెత్రు ఆసుపత్రిలో 1797లో ఆ సంకెళ్లు తీయించినవాడు జాన్ బాప్తిస్త్ పుస్సిన్. అతడు డాక్టరు కాడు. తోళ్లు శుద్ధి చేసే వృత్తివాడు. గండమాల రోగంతో అక్కడికే వచ్చి, నయమయ్యాక వార్డుల బాధ్యత తీసుకున్నవాడు. అతనికి తాను రుణపడి ఉన్నానని పినెలే ఒప్పుకున్నాడు. చాకిరీ ఒకరిది, పేరు మరొకరిది కావడం మనకు కొత్తా?

1952లో హిల్డెగార్డ్ పెప్లావ్ అనే అమెరికా నర్సు, నర్సుకూ రోగికీ మధ్య పెరిగే సంబంధమే చికిత్సలో ప్రధాన భాగమని సిద్ధాంతీకరించింది. ఇది దయ కాదు, విద్య. చెవిలో గొంతులు వినిపిస్తున్నాయన్నవాణ్ణి ఎగతాళి చెయ్యకుండా, అవునని అబద్ధమాడకుండా, "నాకు వినిపించడం లేదు, కాని నీకు భయంగా ఉందని తెలుస్తోంది" అనగలగడం విద్య. నిద్ర తగ్గడం, తిండి మానడం వంటి తొలి గుర్తులను రోగితో కలిసి రాసుకోవడం, ఇంటివాళ్ల ఎత్తిపొడుపులు మాన్పించడం విద్య. మందు అవసరమే, కాదనను. కాని బతుకు మీద పోయిన నమ్మకం మరో మనిషి ద్వారానే తిరిగి వస్తుంది.

నేను తిరుమలగిరిలో పంతులును. నా దగ్గర చదివిన కుర్రవాణ్ణి, కూలికి పోయే అతని తల్లి ఒక పెద్దాసుపత్రికి తీసుకుపోయి వచ్చి నాతో అన్నది: "గోలీలైతే ఇచ్చిండ్రు సారూ, పిలగానితోని మాట్లాడేటోళ్లే దొరకలే."

ఆ వార్డు నర్సును తిడదామా? సూదులు వేసి, మందులు పంచి, లెక్కలు రాసి, వార్డంతా కాచే మనిషి ఎవరితో కూర్చుని మాట్లాడుతుంది? ఆమెకు లేనిది కరుణ కాదు, తీరిక. తీరిక గుణం కాదు. పోస్టుల లెక్క, జీతాల లెక్క. మనుషులు చాలని వార్డులో మాటకు బదులు మోకు వస్తుంది.

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో గొలుసులతో కట్టేసి ఉన్న రోగులు నిప్పంటుకుని కాలిపోయారు. 28 మంది చనిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఏ రూపంలోనూ గొలుసు వేయరాదన్నది. మంచిదే. అదే చట్టం 31వ సెక్షను, సిబ్బంది సంఖ్యను పదేళ్లలో అంతర్జాతీయ ప్రమాణాలకు చేర్చడానికి ప్రభుత్వాలు ప్రయత్నించాలన్నది. చట్టం అమలుకు వచ్చింది 2018 మే 29న, గడువు 2028. ఆ మాట గమనించండి: గొలుసు వేసేవానికి నిషేధం, నర్సును నియమించవలసిన సర్కారుకు ప్రయత్నం!

ఇక మన మిత్రులకు ఒక మాట. ఇటలీలో ఫ్రాంకో బసాలియా వామపక్షవాదే. విప్లవం వచ్చాక చూద్దామని అతడు కూర్చోలేదు. త్రియెస్తెలో కాపలాదార్లుగా ఉన్న నర్సులను రోగుల సహచరులుగా మార్చి, ఆసుపత్రి తలుపులు ఊరివైపు తెరిచాడు. 1978 చట్టం పిచ్చాసుపత్రుల్లో కొత్తవారిని చేర్చుకోవడమే ఆపింది.

కనుక మన విద్యార్థి, ఉపాధ్యాయ సంఘాల కోర్కెల పత్రాల్లో ఈ కోర్కె చేరాలి: ప్రతి ఏరియా ఆసుపత్రిలో మానసిక వైద్యంలో శిక్షణ పొందిన నర్సులు, కాంట్రాక్టు మీద కాదు, పర్మనెంటుగా, నెలనెలా పల్లెలకు వచ్చి పలకరించే ఏర్పాటుతో. మాకు దగ్గరలోని కడవెండిలో 1946లో జనం దొరకు కరుణ బోధించలేదు, వెట్టి ఆపమన్నారు. మనమూ నర్సుకు బోధించడం మాని, సర్కారును అడుగుదాం.