అవి వేధింపులు కావు, బెదిరింపు వసూళ్లు

సంపాదకులకు,

‘లోన్ యాప్ వేధింపులు తాళలేక ఆత్మహత్య’. 2020 డిసెంబరులో హైదరాబాద్ పరిసరాల్లో ఇలాంటి మరణాలు వరుసగా బయటపడ్డప్పటి నుంచి ఈ తరహా శీర్షిక మన పత్రికల్లో స్థిరపడిపోయింది. ఇందులో ‘వేధింపులు’ అన్న మాట మార్చాలని కోరుతున్నాను. అప్పు వడ్డీతో సహా తీర్చాక కూడా ఇంకా కట్టమనడం, లేదంటే మార్ఫింగ్ ఫొటోలు బంధుమిత్రులందరికీ పంపుతామనడం ఎక్స్‌టార్షన్. అంటే భయపెట్టి డబ్బు గుంజడం. దాన్ని ఉన్నదున్నట్టే రాయాలి.

చట్టానికి ఇది కొత్త కాదు. పరువు తీసే రాతలు అచ్చేస్తానని బెదిరించి డబ్బు తీసుకోవడమే 1860 నాటి శిక్షాస్మృతి 383వ సెక్షన్ కింద ఇచ్చిన మొదటి ఉదాహరణ. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 308వ సెక్షన్‌లో, ఎలక్ట్రానిక్ పరికరంతో సందేశం పంపి బెదిరించడాన్ని కూడా ఉదాహరణగా చేర్చారు. గరిష్ఠ శిక్ష మూడేళ్ల నుంచి ఏడేళ్లకు పెరిగింది. పైసా చేతులు మారకపోయినా, గుంజడం కోసం భయపెట్టడమే నేరం. ఈ సంగతి తెలిసిన మనిషి పోలీసుల దగ్గరకు వెళ్తాడు. ‘వేధింపులు’ అని మాత్రమే చదివినవాడు అది పంటి బిగువున ఓర్చుకోవలసిన బాధ అనుకుంటాడు.

ఇక ఇదే నేరానికి వాడే ‘బ్లాక్‌మెయిల్’ మాట వాడివాడి అరిగిపోయింది. మిత్రపక్షం మంత్రి పదవి అడిగినా, పిల్లాడు ఫోన్ కోసం అన్నం మానేసినా బ్లాక్‌మెయిలే అంటున్నాం. ఆ మాటకు ఉత్తరాలతో సంబంధం లేదు. అందులోని ‘మెయిల్’కు అర్థం శిస్తు. ఒకప్పుడు ఇంగ్లండ్, స్కాట్లండ్ సరిహద్దుల్లో ముఠాలు పంటల జోలికి, పశువుల జోలికి రాకుండా ఉండేందుకు పల్లెల నుంచి గుంజిన కప్పం అది. 1601లో ఇంగ్లండ్ పార్లమెంటు ఆ కప్పం పుచ్చుకున్నవారితో పాటు ఇచ్చినవారినీ నేరస్తులను చేసింది. ఇవాళ్టి మన చట్టం ఇచ్చినవారిని బాధితులుగానే చూస్తోంది. మనమే ఇంకా ‘అప్పెందుకు చేశావు? ఫొటో ఎందుకు పంపావు?’ అని వాళ్లను నిలదీస్తున్నాం. ఆ సిగ్గే బెదిరించేవాడి పెట్టుబడి.

అందుకే శీర్షికల్లో ‘బెదిరింపు వసూళ్లు’ అని రాయండి. రాజకీయ బేరాలకు ‘బ్లాక్‌మెయిల్’ వాడకండి. ప్రతి వార్త చివరా సెక్షన్‌నూ, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930 నంబరునూ ఇవ్వండి. ఆ వార్త చదివేవారిలో అదే ఉచ్చులో చిక్కుకున్నవారూ ఉంటారు. తమ మీద జరుగుతున్నది నేరమని, ఫిర్యాదు చేసే హక్కు తమకుందని వాళ్లకు మీ పత్రిక ద్వారానే తెలియాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు, హనుమకొండ