తాళముచెవి ఎవరియొద్ద నున్నది?

వచ్చు సర్వసభ్య సమావేశమున చర్చకు రానున్న తీర్మానములలో ఒకటి మన సంఘపు వెబ్‌సైటును మూసివేయుట. కార్యవర్గములోని కొందరు మిత్రులు దీనిని ప్రతిపాదించుచున్నారు. వారి వాదము సులభముగనే బోధపడును. సైటునకు నెల నెల అద్దె చెల్లించవలెను, చూచుకొనువారు లేరు, ఇప్పటికి రెండు పర్యాయములు పాడయినది, ఫేస్‌బుక్కులోనో వాట్సాపులోనో ఒక సమూహము పెట్టుకొన్నచో పైసా ఖర్చులేక అందరికిని వార్తలు అందునుగదా యని వారందురు. నేను ఈ తీర్మానమునకు వ్యతిరేకిని. సభలో మాటలాడుటకు ఐదు నిమిషములకంటె ఎక్కువ ఇయ్యరు గనుక నా కారణములను ఇచ్చట వ్రాయుచున్నాను.

నేను మెట్రిక్ వరకు చదివి నూలు వ్యాపారములో దిగినవాడను. కంప్యూటరు విద్య నాకు గురుముఖమున వచ్చినది కాదు, నష్టముఖమున వచ్చినది. ఆ నష్టమేమిటో క్రొత్త సభ్యులకు తెలియదు, పాతవారు మఱచుచున్నారు.

మన సైటు 2010లో మొదలయినది. అప్పుడు కళాశాలలో చదువుచున్న మన కుఱ్ఱవాడొకడు ఉత్సాహముతో ఒక సర్వరును అద్దెకు తీసికొని, వర్డ్‌ప్రెస్ అను ఉచిత సాధనమును అందులో నెలకొల్పి, ఈ పత్రికలోని వ్యాసములను వారము వారము ఎక్కించుచుండెను. ఠకురాణి యాత్ర ఛాయాచిత్రములు, పెండ్లి వార్తలు, మరణవార్తలు, పరీక్షలలో నెగ్గిన పిల్లల పేర్లు అన్నియు అందుండెను. అన్నిటికంటె విలువైనవి ఒక వృద్ధ ఉపాధ్యాయుడు 2012లో చెప్పుచుండగా మనవారు వ్రాసికొన్న జ్ఞాపకములు. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమై, మన బరంపురము మద్రాసు రాజధానినుండి విడివడినపుడు ఆయనకు తొమ్మిదేండ్లు. ఆనాడు అరుగులమీద పెద్దలేమి మాటలాడుకొన్నారో, ఎవరు వెళ్లిపోదమనిరో, ఎవరు ఉండిపోదమనిరో, బడిలో ఏ అక్షరములు దిద్దించిరో ఆయన పదునాలుగు భాగములుగా చెప్పెను. పత్రికలో స్థలము చాలక వానిని సైటులో మాత్రమే ప్రకటించితిమి.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురము వద్ద తీరము దాటినపుడు మన కార్యాలయపు రేకులు లేచిపోయి కంప్యూటరు తడిసి పాడయ్యెను. నకళ్లు దాచిన పెన్‌డ్రైవు ఆ బల్ల సొరుగులోనే యుండెను; అదియు పోయెను. మాస్టారు చెప్పగా వ్రాసికొన్న కాగితములు బీరువా అడుగున నాని ముద్దయ్యెను. అయినను సర్వరు ఎచ్చటనో దూరదేశమున నుండుటచే, ఊరికి కరెంటు వచ్చిన తరువాత చూడగా సైటు చెక్కుచెదరక యుండెను. మిక్కిలి సంతోషించితిమి. ఆ సంతోషమే మమ్ము చెఱచినది. సర్వరు దూరముగ నున్నది గనుక దానికిక ఏమియు కాదని నమ్మి కూర్చుంటిమి.

కుఱ్ఱవాడు చదువు ముగించి ఉద్యోగమునకై విదేశము వెళ్లెను. సర్వరు అద్దె అతని బ్యాంకు కార్డునుండి దానంతటదే పోవుచుండెను. పాపము, అతడు ఒక్కనాడును ఆ సొమ్ము అడుగలేదు, మేమును ఇయ్యలేదు. 2019లో ఆ కార్డు గడువు ముగిసెను. బాకీ హెచ్చరికలు అతని పాత ఈమెయిలుకు పోయినవి. దానిని అతడు తెఱచుట మాని ఎన్నాళ్లో అయినది. గడువు దాటగానే కంపెనీవారు సర్వరును తుడిచివేసిరి. వారిని నిందించి లాభము లేదు. బాడుగ చెల్లించని కొట్టును నేనును ఖాళీ చేయింతును.

నకళ్లున్నవిగదా యని ధైర్యముగ హార్డ్‌డిస్కు తీసితిమి. ఫైళ్లు నెలల వారీగా చక్కగా వరుసలో నున్నవి. ఏది తెఱచినను ప్రశ్నార్థక చిహ్నములే! వ్యాసముండవలసిన చోట పుట నిండ ప్రశ్నార్థకములు. కారణము తరువాత తెలిసినది. కుఱ్ఱవాని వెనుక పని చూచిన మిత్రుడు ప్రతి నెల వ్యాసముల పట్టికను ఎక్సెల్‌లో తెఱచి, సాధారణ సీఎస్‌వీ రూపమున భద్రపరచుచుండెను. ఆ రూపమునకు యూనికోడు తెలియదు. ఇంగ్లీషు అక్షరములను, అంకెలను ఉన్నవి ఉన్నట్లుంచి, తెలుగక్షరము వచ్చినచోట నెల్ల ప్రశ్నార్థకము పెట్టును. తేదీలు మిగిలినవి, ఫోను నంబర్లు మిగిలినవి, తెలుగొక్కటే పోయినది. తెలుగు సంఘమునకు ఇంతకంటె తగిన పరాభవము వెదకినను దొరకదు.

అమెరికాలో ఇంటర్నెట్ ఆర్కైవ్ అను సంస్థ ఒకటి 1996 నుండి లోకములోని వెబ్ పుటలను తీసి దాచుచున్నది. అందులో తేదీ తేదీకి వెదకి పదునాలుగింటిలో ఐదు భాగములను తిరిగి సంపాదించితిమి. తొమ్మిది పోయినవి. మాస్టారు అప్పటికే గతించిరి.

ఈ కథ విన్నవారు, చూచితివా, స్వంత సైటు పెట్టుకొనుటచేతనే గదా ఇంత నష్టము, అందురు. కాదు. ఉచిత సమూహములను నమ్మినవారికేమైనదో చూడుడు. యాహూ వారి జియోసిటీస్ 2009లో మూతబడినది. మన దేశమున ఇంటింట పేరు వినబడిన ఆర్కుట్‌ను గూగుల్ వారు 2014 సెప్టెంబరు 30న మూసివేసిరి. వారిదే గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్ 2న పోయినది. మూయుటకు ముందు ఎవరి వ్రాతలు వారు తీసికొనుడని గడువిచ్చిన మాట నిజమే. తీసికొన్నవారిని నేను మన ఊరిలో ఒక్కరిని ఎఱుగను. వాట్సాపు వార్త పంపుటకు మంచిది, నేనును వాడుదును. కాని గత సంక్రాంతినాటి సభా వివరము అందులో వెదకి చూడుడు. శుభోదయపు పూలబొమ్మల క్రింద ఎచ్చటనో పూడుకొని యుండును. అచ్చట మనము అతిథులము. ఇంటివాడు తలుపు ఎప్పుడు వేసికొన్నను అడుగు హక్కు మనకు లేదు.

స్వంత సైటు అనగా యంత్రమును మన ఇంట పెట్టుకొనవలెనని కాదు. అద్దె సర్వరే చాలును. భేదమెచ్చట ననగా, అచ్చటి సామాను మనది. సైటంతయు రెండు మూటలలో ఇమిడిపోవును: వ్యాసములున్న డేటాబేసు ఒకటి, చిత్రములు మొదలైనవున్న ఫోల్డరొకటి. ఈ రెండును చేత నున్నచో ఒక కంపెనీ కాదన్న మరియొక కంపెనీ సర్వరులో ఒక పూటలో కొట్టు తెఱువవచ్చును. ఒకటి తీసి రెండవది మఱచినచో బొమ్మలు లేని వ్యాసములో, వ్యాసములు లేని బొమ్మలో మిగులును.

మా తండ్రిగారు ప్రతి రాత్రి చిట్టా వ్రాసి, ఆవర్జాకెక్కించి, నెలాఖరున సారాంశమును నకలు తీయించి విజయనగరములోని మా మేనమామగారింటికి పంపుచుండిరి. ఎందుకని అడిగినచో, కొట్టునకు నిప్పంటుకొన్నచో ఊరంతయు నాకు బాకీ లేదందురురా, అనెడివారు. కంప్యూటరు పనివారు 3-2-1 అని చెప్పు సూత్రము ఇదియే: మూడు ప్రతులు, రెండు విధముల సాధనములమీద, అందొకటి వేరొక ఊరిలో. తుపానుల దారిలో నున్న మనకు ఈ మూడవ మాట ముఖ్యము. ఫైలిన్ తరువాత ఐదేండ్లకు, 2018 అక్టోబరులో, తిత్లీ వచ్చినది. మఱల రాదని ఎవరును చెప్పలేరు. పెద్ద కంపెనీలకును ఈ ఆపద తప్పలేదు. 2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గులో ఓవీహెచ్ కంపెనీవారి సర్వరు భవనమొకటి తగులబడెను. సైటును, దాని నకలును ఆ ప్రాంగణముననే యుంచుకొన్నవారిలో అనేకులు రెంటిని పోగొట్టుకొనిరి.

పూర్వులకు ఇది క్రొత్త సంగతి కాదు. సీ.పీ. బ్రౌను దొర కడపలో పండితులను నియమించి ఊరూర వ్రాతప్రతులను తెప్పించి సరిచూపించినపుడు, ఒక కావ్యమునకు పలు ప్రతులు దొరకుటచేతనే ఒకదానిలో పురుగు తినిన చోటును మరియొకదాని చూచి పూరించుట సాధ్యమయ్యెను. ఒక్క ఇంట ఒక్క ప్రతిగా నుండినవి ఎన్ని పోయినవో!

అయితే నకళ్లుండుట వేరు, పనికివచ్చుట వేరు. మన ప్రశ్నార్థకములే సాక్ష్యము. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అను కంపెనీలో, రాత్రి ప్రొద్దుపోయిన వేళ, ఒక ఉద్యోగి పొరపాటున అసలు డేటాబేసునే చెఱిపివేసెను. వారికి ఐదు విధముల నకలు ఏర్పాట్లుండెను. ఒక్కటియు అక్కరకు రాలేదు. ఆరు గంటలకు ముందు ఒకరు చేతితో తీసియుంచిన ప్రతి దొరకుటచే బయటపడిరి. అది చదివినపుడు మాకు సిగ్గు కొంత తగ్గిన మాట వాస్తవము. నేను కోరునదేమనగా, మూడు నెలలకొకసారి ఒక ఖాళీ సర్వరుమీద మన నకలును తిరిగి నెలకొల్పి, ఎవరైన తెలుగు చదువవచ్చినవారు కూర్చుండి, పాతది ఒకటి, క్రొత్తది ఒకటి, చిత్రములున్నది ఒకటి వ్యాసములను తెఱచి చదువవలెను. ఫైలు బరువు చూచి సంతోషించుట చాలదు.

బరువెంత యని అడుగుదురేమో. యూనికోడు పద్ధతిలో తెలుగు సంకేతమొకటి మూడు బైట్లు. మన పత్రిక ఒక సంచికలో ఏబదివేల సంకేతములున్నవనుకొన్నను నూటయేబది కిలోబైట్లు. ఏడాదికి 52 సంచికలు, ఎనిమిది మెగాబైట్లు. పదేండ్ల వ్రాత యంతయు మన ఫోనులలో పెండ్లి వీడియో ఒకటి ఆక్రమించు చోటుకంటె తక్కువ. చోటు లేదనుటకు వీలులేదు.

ఇక దొంగల మాట. 2022లో మన సైటు రెండవసారి పాడయినది. పుటల అడుగున కంటికి కనబడకుండ మందుల అమ్మకపు ప్రకటనలను ఎవరో చేర్చిరి. మనకు శత్రువులెవరని కొందరు అనుమానించిరి. ఒకరిద్దరి పేర్లు కూడ చెప్పుకొనిరి. అది అన్యాయము. ఈ పని మనుష్యుడు చేయునది కాదు. యంత్రములు లోకములోని ప్రతి సైటు తలుపును తట్టి, గడియ వదులుగ నున్న దానిలో దూరును. మన గడియ వదులగుట ఎట్లనగా, పండుగల పట్టిక చూపుటకై పెట్టిన ప్లగిన్ ఒకటి రెండేండ్లుగా సవరణ లేక యుండెను. వర్డ్‌ప్రెస్ 2013 నుండి తన చిన్న సవరణలను తానే చేసికొనుచున్నది గాని, పైన తగిలించిన ప్లగిన్లను మనము చూచుకొనవలెను, అక్కరలేనివానిని తీసివేయవలెను. ఆనాడు మఱియొక చిక్కు వచ్చినది. చివరి నెల నకలులో కూడ ఆ విషము చేరియుండెను. మూడు నెలల పాతది ఉండుటచే గట్టెక్కితిమి. కావున క్రొత్త నకలు తీయగానే పాతదానిని చెఱుపరాదు. ఒక ప్రతిని యంత్రమునుండి ఊడదీసి విడిగా నుంచవలెను. లోన దూరినవాడు అంటియున్న డిస్కును కూడ పాడుచేయును. మిగిలినవి తెలిసినవే: పొడవైన పాస్‌వర్డు, దానితోపాటు ఫోనుకు వచ్చు రెండవ సంకేతము, సైటునకు తాళపు గుర్తు నిచ్చు సర్టిఫికెట్టు. ఆ సర్టిఫికెట్టును లెట్స్ ఎన్‌క్రిప్ట్ అను సంస్థ ఉచితముగనే ఇచ్చుచున్నది. గడువు తొంబది దినములకు మించదు గనుక దానంతటదే మారునట్లు ఏర్పాటు చేసికొనవలెను.

ఇవన్నియు నేర్చుకొనవచ్చును. నన్ను నిజముగ బాధించునది వేరొకటి. ఈనాటికిని మన సైటు పేరు, అనగా డొమైను, ఒక వ్యక్తి పేరనే యున్నది. పాస్‌వర్డు ఒక్కరికే తెలియును. ఆయన సజ్జనుడు, సందేహము లేదు. కాని సజ్జనులకును జబ్బులు వచ్చును, బదిలీలు వచ్చును. గల్లాపెట్టె తాళముచెవి ఒక్క గుమాస్తా చేతికిచ్చి మఱచు వర్తకుని మీరు చూచితిరా? డొమైను సంఘము పేరనుండవలెను. హెచ్చరికలు కార్యదర్శికిని కోశాధికారికిని ఇరువురికి చేరవలెను. పాస్‌వర్డులను కాగితముమీద వ్రాసి, లక్కముద్ర వేసిన కవరులో సంఘపు లాకరులో నుంచవలెను. అద్దె సంఘపు ఖాతానుండి పోవలెను, పద్దుపుస్తకములో కనబడవలెను. ఇందుకు నెలకు కొన్ని వందల రూపాయలగును. వార్షికోత్సవమున శాలువలకు ఇంతకంటె ఎక్కువ వెచ్చించుచున్నాము.

తీర్మానము తెచ్చిన మిత్రులలో ఒకరు నాతో, చూచుకొనుటకు మనుష్యులు లేనిచో ఏమి చేయుదువని అడిగిరి. అది న్యాయమైన ప్రశ్న. ఇద్దరైనను ముందుకు రానిచో సైటును నడపుట మానుదము, కాని మూసివేయవద్దు. వ్యాసములన్నిటిని సాదా పుటలుగ మార్చి, డేటాబేసు, ప్లగిన్లు లేకుండ, ఎవరును క్రొత్తగ ఎక్కింప వీలులేని రీతిని నిలిపియుంచవచ్చును. అట్టిదానికి దూర సందు తక్కువ, చాకిరియు తక్కువ. దాని ప్రతిని ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు కూడ సమర్పింపవచ్చును. మన పిల్లలలో తెలుగు చదువగలవారు నానాటికి తగ్గుచున్నారు గాని, ఏ మనుమరాలో ఒకనాడు నేర్చుకొని వెదకినచో ఆమెకు ప్రశ్నార్థకములు కనబడరాదు.

సమావేశమునకు ముందటి ఆదివారము ఉదయము మా కొట్టు వెనుక గదిలో ప్రస్తుతపు నకలును తెఱచి, వేరొక సర్వరుమీద నెలకొల్పి చూపుదుము. తీర్మానమును తెచ్చిన మిత్రులు తప్పక రావలెను. ఇంకొక మనవి. మాస్టారుగారి జ్ఞాపకములలో రెండవ భాగము, ఆఱు నుండి పదమూడు వరకు గల భాగములు మనయొద్ద లేవు. ఎవరైనను ఆనాడు కాగితముమీద అచ్చుతీసి దాచుకొనియుండిరేమో, దయచేసి మీ పెట్టెలు, అటకలు వెదకుడు. చిరిగినదైనను తెండు.