ఒత్తిడి పుట్టేది టైంటేబుల్లోనే

2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాయి. తెలుగులో సున్నా పడిన ఒక విద్యార్థినికి, జవాబు పత్రం సరిచూశాక 99 మార్కులని తేలింది. ఫెయిలైన మూడు లక్షల మందికి పైగా విద్యార్థుల పత్రాలను ప్రభుత్వం ఉచితంగా పునఃపరిశీలన చేయిస్తే వెయ్యిమందికి పైగా పాసయ్యారు. కానీ ఫలితాలు వచ్చిన కొద్ది రోజుల్లోనే ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. సాఫ్ట్‌వేర్ తప్పిదం మీద, బోర్డు నిర్వాకం మీద అప్పట్లో చర్చ జరిగింది, జరగాల్సిందే. అయితే మార్కుల మెమో ఒక్కటే జీవితమని పదిహేడేళ్ల పిల్లలు నమ్మే స్థితికి ఎలా వచ్చారన్న ప్రశ్న మాత్రం పక్కకు పోయింది.

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. ఒక్కో మరణం వెనుక ఎన్నో కారణాలుంటాయి, అన్నిటినీ చదువు ఖాతాలో వేయలేం. అయినా చదువుల ఒత్తిడి మాట ఎత్తగానే పెద్దల నుంచి వచ్చే జవాబు ఒకటుంది: ఈ కాలం పిల్లలకు ఓర్పు లేదు, మేమూ పరీక్షలు రాశాం కదా అని. రాశారు, నిజమే. సాయంత్రం గంట కొట్టాక వాళ్లు ఇంటికి వెళ్లారు, ఆడుకున్నారు, తిట్లు తిన్నా అమ్మ దగ్గరే పడుకున్నారు. ఇవాళ రెసిడెన్షియల్ కాలేజీలో ఎంపీసీయో బైపీసీయో చదివే పిల్లల్లో చాలామందికి తెల్లవారుజామునే స్టడీ అవర్ మొదలవుతుంది, చివరిది ముగిసేసరికి రాత్రి పది దాటుతుంది. ఆదివారం వీకెండ్ టెస్ట్. అందులో మార్కులు తగ్గితే కింది సెక్షన్‌కు మార్పు. నిన్నటిదాకా పక్కన కూర్చున్న స్నేహితుడు పై బ్యాచ్‌లో ఉంటాడు, తాను ఉండడు. ఇంటికి ఫోన్ చేయాలంటే వార్డెన్ ఇచ్చే కొన్ని నిమిషాలే దిక్కు. ఈ దినచర్యను మార్చకుండా పిల్లలకు వ్యక్తిత్వ వికాస ఉపన్యాసాలు పెట్టించి లాభం లేదు.

నిద్ర సంగతే చూడండి. కౌమారంలో నిద్ర తెప్పించే మెలటోనిన్ హార్మోన్ పెద్దవాళ్లలో కంటే రాత్రి ఆలస్యంగా ఊరుతుంది. అందుకే పదహారేళ్ల పిల్లలకు తొమ్మిదింటికి నిద్ర పట్టదు, ఐదింటికి మెలకువ రాదు. అది బద్ధకం కాదు, వయసు లక్షణం. ఆ వయసుకు రోజుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతారు. చదివింది గుర్తుండిపోయేలా మెదడు సర్దుకునేదీ నిద్రలోనే. ఆరు గంటల కన్నా తక్కువ నిద్రపోయే పిల్లల్లో చిరాకు, ఆందోళన పెరుగుతాయి, జ్ఞాపకం తగ్గుతుంది. ర్యాంకు కోసమని కోసిన నిద్ర ఆ ర్యాంకుకే చేటు చేస్తోంది.

ప్రభుత్వాలకు ఇవేవీ కొత్త కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2001లో చుక్కా రామయ్య కమిటీ, 2007లో నీరదారెడ్డి కమిటీ ఈ కాలేజీల పరిస్థితులను పరిశీలించాయి. కోచింగ్ కేంద్రాల్లో రోజుకు ఐదు గంటలకు మించి తరగతులు వద్దని 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ మార్గదర్శకాలిచ్చింది. విశాఖపట్నంలో నీట్‌కు సిద్ధమవుతున్న పదిహేడేళ్ల విద్యార్థిని మృతి కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు ఇంకా ముందుకెళ్లింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఉండాలని, మార్కులను బట్టి బ్యాచ్‌లుగా విడదీయడం మానాలని, నలుగురిలో అవమానించకూడదని ఆదేశించింది. చట్టం వచ్చేదాకా ఇవి అమల్లో ఉంటాయని స్పష్టం చేసింది.

వీటిలో నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది సెక్షన్ల విభజనను ఆపడం. మిగతా అవమానాలన్నీ అక్కడినుంచే మొదలవుతాయి. కౌన్సెలర్ విషయంలోనూ జాగ్రత్త కావాలి. లెక్కల లెక్చరర్‌కే ఆ బాధ్యత అదనంగా అంటగడితే కుదరదు. పిల్లలు చెప్పుకున్నది ప్రిన్సిపాల్ బల్ల మీదికి చేరుతుందని అనుమానం వస్తే రెండోసారి ఎవరూ ఆ గది తలుపు తట్టరు.

ఇంట్లో చేయగలిగింది కూడా చాలా ఉంది. హాస్టల్ నుంచి ఫోన్ వస్తే చాలామంది తల్లిదండ్రుల మొదటి మాట "టెస్టులో ఎన్నొచ్చాయి?" తిన్నావా, నిద్ర పట్టిందా, ఎవరితో కలిసి తిరుగుతున్నావు అన్నవి ముందు అడగండి. "ఇక్కడ ఉండలేను నాన్నా" అని ఏడ్చే కొడుక్కి బైక్ ఆశ చూపి మళ్లీ బస్సెక్కించడం, కట్టిన ఫీజు గుర్తుచేయడం దయచేసి మానండి. ఆ మాట అనడానికి వాడు ఎన్ని రోజులు తటపటాయించాడో మనకు తెలియదు. తిండి తగ్గడం, ఫోన్‌కు రాకపోవడం, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం, నేను లేకపోతే మీకు హాయి అన్నట్టు మాట్లాడడం కనిపిస్తే చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా, మెల్లగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం నిజం కాదు. అవునంటే ఒంటరిగా వదలకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరులో ఏ వేళలోనైనా ఉచితంగా తెలుగులో మాట్లాడతారు.

ఫలితాలకు ముందే పిల్లలకు చెప్పాల్సిన లెక్కలూ ఉన్నాయి. 2024లో 23 లక్షల మందికి పైగా నీట్ రాశారు. ఆ ఏడాది ఎంబీబీఎస్ సీట్లు లక్షా పది వేల దరిదాపులో ఉండేవి. సీటు రానివాళ్లే ఎక్కువమంది, వాళ్లంతా పనికిరానివాళ్లు కాదు. ఇంటర్ తప్పినవాళ్లకు కొద్ది వారాల్లోనే సప్లిమెంటరీ పరీక్ష ఉంటుంది, పాసైతే ఏడాది కూడా పోదు.

అడ్మిషన్ల వేళ కాలేజీకి వెళ్లినప్పుడు ఫీజెంత, కిందటేడు ర్యాంకులెన్ని అని అడుగుతాం. ఈసారి మరో రెండు అడగండి: మీ కౌన్సెలర్ ఎవరు, ఒకసారి కలవనిస్తారా? పిల్లలు ఎన్నింటికి పడుకుంటారు, ఎన్నింటికి లేస్తారు? జవాబు దొరక్కపోతే అక్కడ చేర్చకండి.