పూర్వపక్షంగా తుది జాబితా : విజ్ఞాన కల్పనా పురస్కారాల పునఃపఠనం

పురస్కారం పొందిన గ్రంథం పేరు చరిత్రకెక్కుతుంది. దానితోపాటు తుది పరిశీలనకు వచ్చిన తక్కిన గ్రంథాల పేర్లు క్రమంగా మరుగున పడిపోతాయి. అన్ని భాషల సాహిత్యాలలోను కనిపించే ధర్మమే ఇది. అయితే ఆంగ్లంలోని విజ్ఞాన కల్పనా సాహిత్యానికీ, అద్భుత కల్పనా సాహిత్యానికీ ఈ విషయంలో ఒక విశిష్టత ఉంది. విజేతతోపాటు చివరివరకు పోటీలో నిలిచిన గ్రంథాల పట్టికను కూడా ఏటేటా ప్రకటించి భద్రపరచుకొనే సంప్రదాయం వాటిలో నెలకొన్నది. ఆరు దశాబ్దాలకు పైబడిన ఆ పట్టికలను వరుసగా చదవడం కాలక్షేపం మాత్రమే కాదు. సాహిత్య చరిత్ర రచనకు అదొక ప్రమాణమార్గం. ఆ మార్గంలో సంస్కృతాంధ్ర పండితులు మాత్రమే చేయగలిగిన పని కొంత మిగిలి ఉండడం విచారణీయం.

ముందుగా ఈ పురస్కారాల స్వరూపాన్ని గుర్తించాలి. 1926లో 'అమేజింగ్ స్టోరీస్' పత్రికను స్థాపించిన హ్యూగో గెర్న్స్‌బాక్ పేరిట ఏర్పడిన హ్యూగో పురస్కారాలు 1953లో ఫిలడెల్ఫియాలో జరిగిన ప్రపంచ విజ్ఞాన కల్పనా సమ్మేళనంలో తొలిసారి ప్రదానం చేయబడ్డాయి. ఆ సంవత్సరం నవలా పురస్కారం ఆల్‌ఫ్రెడ్ బెస్టర్ రచించిన 'ది డిమాలిష్డ్ మాన్'కు లభించింది. ఇందులో నిర్ణేతలు సమ్మేళన సభ్యులైన పాఠకులు. 1965లో అమెరికాలో ఏర్పడిన విజ్ఞాన కల్పనా రచయితల సంఘం మరుసటి సంవత్సరం నుండి నెబ్యులా పురస్కారాలను ఇస్తున్నది. ఇందులో నిర్ణేతలు రచయితలే. 1975లో ప్రారంభమైన ప్రపంచ అద్భుత కల్పనా పురస్కారానికీ, 1987లో బ్రిటన్‌లో ప్రారంభమైన ఆర్థర్ సి. క్లార్క్ పురస్కారానికీ పరీక్షక మండలి నిర్ణయమే ప్రమాణం.

ఈ మూడు పద్ధతులూ భారతీయ సంప్రదాయానికి పూర్తిగా అపరిచితాలు కావు. రాజశేఖరుడు 'కావ్యమీమాంస'లో రాజు కవిసభలు నిర్వహించి కావ్యపరీక్ష చేయించవలసిన తీరును వివరించాడు. ఉజ్జయినిలో కాళిదాసాది కవులకు, పాటలీపుత్రంలో పాణిన్యాది శాస్త్రకారులకు పరీక్షలు జరిగినట్లు చెప్పే వార్తను కూడా పేర్కొన్నాడు. పరీక్షకుడెవరు అన్న ప్రశ్న పరీక్షాఫలంతో సమానమైన ప్రాముఖ్యం కలదని ఆ ప్రకరణం చదివినవారికి వేరుగా చెప్పనవసరం లేదు.

శాస్త్రగ్రంథ పఠనంలో పూర్వపక్షానికి ఉన్న స్థానం ఈ సందర్భంలో స్మరణీయం. సిద్ధాంతాన్ని మాత్రమే చదివి పూర్వపక్షాన్ని విడిచిపెట్టినవాడు సిద్ధాంతాన్ని కూడా గ్రహించలేడు. లోకాయతుల మూలగ్రంథాలు నశించినా వారి వాదం ఎట్టిదో నేడు కొంతవరకైనా తెలుస్తున్నదంటే, దానిని ఖండించినవారు ముందుగా అనువదించి చెప్పిన పూర్వపక్షమే అందుకు కారణం. దీనికి భిన్నమైన ఉదాహరణ కూడా ఉంది. ప్రౌఢదేవరాయల ఆస్థానంలో శ్రీనాథుడు గౌడ డిండిమభట్టును ఓడించి కంచుఢక్కను పగులగొట్టించిన ఉదంతం తెలుగునాట ప్రతి విద్యార్థికీ తెలుసు. ఆ వాదంలో డిండిమభట్టు ప్రతిపాదించినదేమో, శ్రీనాథుడు దానిని ఏ యుక్తితో తోసిపుచ్చాడో చెప్పగలవారు లేరు. గెలుపు మిగిలింది, వాదం పోయింది. పురస్కారాల చరిత్రలో తుది జాబితా నిర్వహించే కార్యం పూర్వపక్షం వంటిదే. గెలిచిన గ్రంథం దేనిని మించి గెలిచిందో అది చెబుతుంది.

ఈ ప్రతిపాదనకు 1968వ సంవత్సరపు జాబితా చక్కని నిదర్శనం. ఆ ఏడాది హ్యూగో పురస్కారం రోజర్ జెలాజ్నీ నవల 'లార్డ్ ఆఫ్ లైట్'కు లభించింది. దానితో పోటీపడి ఓడిన నవలలలో శామ్యూల్ డిలేనీ రచించిన 'ది ఐన్‌స్టైన్ ఇంటర్‌సెక్షన్' ఒకటి. అదే సంవత్సరం రచయితల నిర్ణయంలో స్థానాలు తారుమారైనాయి. నెబ్యులా డిలేనీ నవలకు దక్కగా, జెలాజ్నీ నవల తుది జాబితాలో ఆగిపోయింది. విజేతల పట్టిక మాత్రమే చూచే చరిత్రకారునికి ఇవి రెండు వేర్వేరు పురస్కారాలు పొందిన రెండు వేర్వేరు గ్రంథాలు. జాబితాలను పక్కపక్కన పెట్టి చదివినవానికి మరొక విశేషం గోచరిస్తుంది. రెండు నవలల ఇతివృత్తబీజం ఒక్కటే. జెలాజ్నీ నవలలో దూరగ్రహానికి వలసవెళ్లిన మానవులు యంత్రబలంతో హిందూ దేవతల రూపాలను, అధికారాలను ధరించి తోటి ప్రజలను పాలిస్తారు. డిలేనీ నవలలో మానవులు విడిచిపోయిన భూమిపైకి అన్యజీవులు వచ్చి, మానవదేహాలను ధరించి, ఆర్ఫియస్ మొదలైన మానవ పురాణగాథలను తామే జీవించజూస్తారు. పరుల పురాణాన్ని వస్త్రంలా ధరించినవారికి ఆ పురాణం తన ధర్మాన్ని కూడా అంటగట్టక మానునా అన్నది రెండింటిలోనూ ప్రశ్న. ఒకే సంవత్సరంలో ఇద్దరు రచయితలను ఆ ప్రశ్న ఎందుకు ఆకర్షించింది? పాఠకులు ఒక సమాధానాన్నీ, రచయితలు మరొక సమాధానాన్నీ ఎందుకు మెచ్చుకొన్నారు? ఈ విచారణకు తావిచ్చేది జాబితా మాత్రమే.

ఆ రెండు జాబితాలలోనూ ఉన్న మరొక నవల రాబర్ట్ సిల్వర్‌బర్గ్ రచించిన 'థార్న్స్'. ఇతరుల వేదనయే ఆహారంగా బ్రతికే ఒక ధనికుడు, బాధాపీడితులైన ఒక స్త్రీపురుషుల జంటను కలిపి, వారి దుఃఖాన్ని లోకానికి వినోదంగా ప్రదర్శించడం దాని కథ. రెండు సభలలోనూ అది ఓడింది. కరుణరసం సహృదయునికి ఆనందహేతువు ఎట్లు కాగలదన్న ఆలంకారికుల ప్రాచీన చర్చ తెలిసినవాడు ఆ నవలను తప్పక ఆసక్తితో చదువుతాడు.

'లార్డ్ ఆఫ్ లైట్' విషయంలో సంస్కృతజ్ఞులు చెప్పవలసినది ఇంకా ఉంది. కథానాయకుని పూర్తి పేరు 'మహాసమాత్మన్'. అతడు ముందున్న 'మహా'ను, చివరనున్న 'ఆత్మన్'ను వదలి 'సామ్' అని పిలిపించుకోవడానికి ఇష్టపడతాడని నవల చెబుతుంది. ఆంగ్ల పాఠకునికి ఇది చమత్కారం. వైయాకరణునికి ఇది సంధి విషయం. సమ + ఆత్మన్ అని విడదీస్తే సవర్ణదీర్ఘ సంధిలో దీర్ఘం రెండు పదాలకూ చెందినది. దానిని పూర్తిగా రెండవ పదానికి ఇచ్చి తొలగిస్తే 'సమ' అన్న పదం కుంటుపడుతుంది. సమ్ + ఆత్మన్ అని విడదీస్తే మిగిలేది ఉపసర్గ మాత్రమే. సర్వసముడైన ఆత్మ కలవాడా, ఆత్మను కోల్పోయి ఉపసర్గగా మిగిలినవాడా? బుద్ధుని పాత్రను ధరించి అనాత్మవాదాన్ని బోధించబూనిన నాయకుని పేరులో 'ఆత్మ' తొలగిపోవడం యాదృచ్ఛికమా? అట్లే ఆ నవలలో కర్మఫల నిర్ణయం యంత్రసాయంతో మనస్సులను పరీక్షించే అధికారుల చేతిలోకి పోతుంది. కర్మను ఈశ్వరాధీనంగా భావించే దర్శనాలకూ, స్వతంత్రంగా ఫలమిచ్చే అపూర్వంగా భావించే మీమాంసకులకూ మధ్య నున్న వాదం తెలిసినవాడు ఆ కల్పనలోని సాహసాన్నీ, లోపాన్నీ కూడా గుర్తించగలడు. ఇట్టి విమర్శ ఆంగ్ల పాఠకసభనుండి ఆశించదగినది కాదు. ఆ నవలకు యోగ్యుడైన పరీక్షకుడు ఆ సభలో అరుదు. ప్రాచ్య కళాశాలలో సులభుడు.

ఓడిన గ్రంథమంతా గొప్పదని గాని, గెలిచినదంతా అల్పమని గాని ఇందుమూలంగా చెప్పరాదు. 1970లో ఉర్సులా లెగ్విన్ రచించిన 'ది లెఫ్ట్ హ్యాండ్ ఆఫ్ డార్క్‌నెస్' హ్యూగో పొందినప్పుడు కర్ట్ వానెగట్ రచించిన 'స్లాటర్‌హౌస్-ఫైవ్' ఓడింది. స్త్రీపుంభేదం స్థిరంగా లేని సమాజాన్ని ఊహించినది మొదటిది. 1945లో డ్రెస్డెన్ నగర దహనాన్ని యుద్ధఖైదీగా చూచిన రచయిత, కాలక్రమం తెగిపోయిన నాయకుని ద్వారా ఆ అనుభవాన్ని చెప్పినది రెండవది. రెండూ నేటికీ చదవబడుతున్నాయి. 1973వ సంవత్సరపు రచనలకు ఇచ్చిన నెబ్యులా విషయంలో ఆర్థర్ క్లార్క్ నవల 'రెండెవూ విత్ రామా' గెలువగా, థామస్ పించన్ బృహన్నవల 'గ్రావిటీస్ రెయిన్‌బో' ఓడింది. గ్రీకు, రోమను దేవతల పేర్లు అయిపోవడంతో ఖగోళజ్ఞులు హిందూ దేవతల పేర్లకు వచ్చినట్లు కల్పించి, ఆకాశం నుండి వచ్చిన ఒక వస్తువుకు క్లార్క్ 'రామ' అని పేరు పెట్టాడు. ఆ పేరుకు కథలో అంతకుమించిన ప్రయోజనం స్వల్పం. పించన్ నవలను విజ్ఞాన కల్పనగా స్వీకరించి గౌరవించి ఉంటే ఆ సాహిత్యశాఖ సరిహద్దులే మరొకలా ఉండేవన్న వాదం ఉంది. ఆ వాదానికి ఆధారం కూడా జాబితాయే.

జాబితాను ప్రమాణంగా స్వీకరించేముందు దాని ప్రామాణ్యాన్ని పరీక్షించాలి. తాళపత్రప్రతిని పరిష్కర్త ఎట్లు పరీక్షిస్తాడో ఇదీ అట్లే. 1955లో హ్యూగో పొందిన మార్క్ క్లిఫ్టన్, ఫ్రాంక్ రైలీల నవల 'దేడ్ రాదర్ బి రైట్' నేడు దాదాపు విస్మృతం. అది దేనిని మించి గెలిచిందో తెలుసుకొనేందుకు ఆ ఏటి తుది జాబితా లేదు. 2015లో కొందరు కూడబలుక్కొని ఒకే విధంగా నామాంకనాలు పంపడం వల్ల అనేక విభాగాల జాబితాలు వక్రించాయి. అయిదు విభాగాలలో ఎవరికీ పురస్కారం వద్దని సభ్యులు నిర్ణయించారు. ఆ ఏడాదే ఒక రచయిత తన నవలను ఉపసంహరించుకొనగా, ఖాళీ అయిన స్థానంలోకి వచ్చిన చైనా రచయిత లియు సిషిన్ నవల 'ది త్రీ బాడీ ప్రాబ్లమ్' పురస్కారం గెలిచింది. అనువాదరూపంలో హ్యూగో పొందిన తొలి నవల అదే. 2023లో చైనాలోని చెంగ్దూలో సమ్మేళనం జరిగింది. 2024 జనవరిలో నామాంకన వివరాలు వెలువడినప్పుడు ఆర్. ఎఫ్. క్వాంగ్ నవల 'బేబెల్' మొదలైన కొన్ని రచనలు తగినన్ని నామాంకనాలు పొందినా కారణం చూపకుండానే అనర్హాలుగా తొలగించబడ్డట్లు తేలింది. ఆ నవలకే రచయితలు అంతకుముందే నెబ్యులా ఇచ్చి ఉన్నారు. అందువల్ల 2015, 2023 జాబితాలను చదివే పరిశోధకుడు లుప్తపాఠాలనూ ప్రక్షిప్తాలనూ గుర్తించే దృష్టితో చదవాలి.

ఈ ప్రయత్నానికి రెండు ఆక్షేపణలు సంభవం. జనాదరణపై ఆధారపడిన కల్పనాసాహిత్యానికి ప్రాచ్యవిద్యలో తావెక్కడిదన్నది మొదటిది. 'కథాసరిత్సాగరం', 'యోగవాసిష్ఠం'లోని లోకాంతర కథలు, పింగళి సూరన 'కళాపూర్ణోదయం', మధిర సుబ్బన్న దీక్షితుల 'కాశీమజిలీ కథలు' పాఠ్యాంశాలుగా, పరిశోధనాంశాలుగా అంగీకరించినవారు ఈ ఆక్షేపణ చేయడం పొసగదు. అద్భుతం రసమే గాని అల్పవిషయం కాదు. ఇతర భాషల జాబితాలతో పని ఏమన్నది రెండవ ఆక్షేపణ. భారతీయ విషయమే ఆ జాబితాలలోకి పదేపదే వస్తున్నందున పని ఉంది. 1897లో సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ దోమలో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. రాస్ పరిశోధనలనే కల్పనావస్తువుగా గ్రహించిన అమితావ్ ఘోష్ నవల 'ది కలకత్తా క్రోమోజోమ్' 1997లో క్లార్క్ పురస్కారం పొందింది. 2047 నాటి భారతదేశాన్ని, అందులోనూ వారాణసిని ప్రధానరంగంగా చేసిన ఇయన్ మెక్‌డొనాల్డ్ నవల 'రివర్ ఆఫ్ గాడ్స్' 2005లో హ్యూగో తుది జాబితాలో నిలిచి ఓడింది. వీటి విలువను నిర్ణయించిన సభలలో సంస్కృతపండితుని అభిప్రాయం వినబడలేదు. వినిపించే ప్రయత్నం ఇక్కడ కూడా జరుగలేదు.

చేయదగిన పని పెద్దది కాదు. ఒక పరిశోధక విద్యార్థి ఒక సంవత్సరపు జాబితాను తీసుకొని, అందలి గ్రంథాలన్నింటినీ సమగ్రంగా చదివి, భారతీయ పురాణ దర్శన విషయాల వినియోగాన్ని పరిశీలించవచ్చు. 1968 అందుకు ఉత్తమమైన ఆరంభం. ఇదే దృష్టిని తెలుగు వైపు కూడా మరల్చవచ్చు. తెలుగు వారపత్రికలు నవలల పోటీలు, కథల పోటీలు నిర్వహించినప్పుడు బహుమతి పొందిన రచనలతోపాటు 'సాధారణ ప్రచురణకు స్వీకరించినవి' అన్న శీర్షికతో మరికొన్ని పేర్లు ప్రకటించడం ఆచారం. అవే తెలుగువారి తుది జాబితాలు. అవి పాత సంచికల పుటలలో చెల్లాచెదురుగా ఉన్నాయి. ఆ సంచికల కాగితం ఏటేటా పొడి అవుతున్నది. బహుమతి పొందిన నవల పుస్తకంగా వచ్చి బ్రతికింది. దానితో పోటీపడిన నవల పేరైనా మిగలాలంటే ఆ పుటలను ఎవరైనా ఎత్తి వ్రాసుకోవాలి. డిండిమభట్టు వాదాన్ని ఇప్పుడు వెదకి తేవడం అసాధ్యం. ఈ జాబితాల విషయంలో ఆ గడువు ఇంకా మించిపోలేదు.