రెక్కలు లేనంత మాత్రాన చీమ అవుతుందా?

తర్కశాస్త్రంలో లక్షణానికి మూడు దోషాలు చెబుతారు. ఆవుకు లక్షణం కపిలవర్ణం అంటే అవ్యాప్తి, కొమ్ములు అంటే అతివ్యాప్తి, ఒంటిగిట్ట అంటే అసంభవం. ఏళ్ళ తరబడి పిల్లలకు పాఠాలు చెప్పిన నేను వీటిలో మొదటి రెండింటినీ ఒక్కపూటలో చేశాను.

తొలకరి రోజులు. ఏడవ తరగతి పిల్లవాడొకడు అగ్గిపెట్టెలో ఒక పురుగును తెచ్చాడు. ఎర్రని వీపు, నల్లని పొట్టమీద తెల్లని చుక్కలు, ఒళ్ళంతా ముఖమలు వంటి నూగు. "ఆరుద్ర పురుగురా" అన్నాను. "ఆరుద్రకు ఎనిమిది కాళ్ళు కదండీ మాస్టారూ, దీనికి ఆరే" అన్నాడు వాడు. నేను తగ్గక, "అయితే చీమేలే, ఏమీ చేయదు" అన్నాను. వాడు వేలు పెట్టాడు. అది కుట్టింది. సాయంత్రానికి వేలు వాచిపోయింది.

అది చీమ కాదు, కందిరీగ. ముటిల్లిడే కుటుంబంలోని ఆడది. ఆ కుటుంబంలో ఆడవాటికి రెక్కలుండవు; మగవాటికి సాధారణంగా ఉంటాయి. గుడ్లు పెట్టే గొట్టమే ఆడదానికి కొండి అయింది కనుక మగది కుట్టలేదు. ఇతర కందిరీగల, తేనెటీగల గూళ్ళలో చొరబడి, అక్కడి పిల్లపురుగుల మీద గుడ్డు పెడుతుంది.

మరి గుర్తు పట్టడమెలా? చీమ మీసం మొదటి కణుపు పొడవుగా ఉండి, అక్కడినుండి మోచేయిలా వంగుతుంది. నడుము మీద ఒకటో రెండో బుడిపెలుంటాయి. ముటిల్లిడే ఆడదానికి వక్షం పైభాగమంతా అతుకుల్లేని పెట్టెలా ఉంటుంది. చాలావాటిలో పొట్ట రెండవ ఖండితం పక్కన సన్నని నూగుగీత కనబడుతుంది. మీసం వంపు ఒక్కటే చాలదా అంటే, చాలదు. గోడమూలల మట్టిగూళ్ళలో పెరిగే మెలిటోబియా అనే పరాన్నభుక్కుకూ మీసం వంగే ఉంటుంది. అందులో మగదానికి రెక్కలు కురచ, కళ్ళు దాదాపు శూన్యం. ముటిల్లిడేలో ఆడది రెక్కలు లేనిదైతే, ఇక్కడ మగది ఎగరలేనిది. సాలీడు గుడ్లసంచులను వెదికే గెలిస్ జాతులలో రెక్కలు లేని ఆడదాని మీసం దారంలా సాగి, పదహారుకు పైగా కణుపులు కలిగి ఉంటుంది. ఏ ఒక్క గుర్తూ నమ్మదగినది కాదు; నాలుగు కలిస్తేనే లక్షణం.

ఇది పండితుల కాలక్షేపమా? కాదు. వరిదుబ్బుల్లో తిరిగే డ్రైనిడే కందిరీగల ఆడవాటిలో కొన్ని అచ్చం చీమల్లా ఉంటాయి. వంగి చూస్తే ముందుకాళ్ళ కొనలు పట్టకారులా కనబడతాయి. సుడిదోమను ఆ పట్టకారుతో పట్టి, దాని ఒంట్లో గుడ్డు పెడతాయి. పిల్లపురుగు దోమ పక్కన సంచిలా వేలాడుతూ పెరిగి చివరకు దోమను చంపుతుంది. ఆ రైతుబంధువును "ఏదో చీమ" అని మందు కొట్టి చంపుకునేది మనమే.

అందుకే నా విన్నపం. ఆంగ్లేయులు ముటిల్లిడే ఆడవాటిని వెల్వెట్ యాంట్ అన్నారు. దానిని మనవారు కొందరు "ముఖమలు చీమ" అని తెనిగించబోతారు. వారి పొరపాటును మన భాషలోకి దిగుమతి చేసుకోవద్దు. కందిరీగ మాత్రం ఈగా అని మీరనవచ్చు. నిజమే, ఈగకు రెండు రెక్కలు, కందిరీగకు నాలుగు. రూఢమైన మాటను పెరికివేయమని నేననను. కొత్తగా నాటేదానిని చూసి నాటమంటున్నాను. రెక్కలు లేనిదానిని మొండికందిరీగ అనీ, పొట్టి రెక్కలదానిని కురచరెక్కల కందిరీగ అనీ అందాం. ఇంతకంటె మంచి మాట మీ ఊరిలో ఇప్పటికే ఉంటే నాది వెనక్కు తీసుకుంటాను, సంతోషంగా.

పేరు సరిగా ఉండి ఉంటే నేను ఆనాడు "చీమేలే" అనేవాడిని కాను. ఆ పిల్లవాడు కాళ్ళు లెక్కపెట్టాడు. లెక్కపెట్టనివాడిని నేను.