దైవం ఐదో లెక్క

పరీక్ష పోయినా, పంట పోయినా "అంతా పైవాడి లీల, మన చేతుల్లో ఏముంది?" అనేయడం మనకు అలవాటు. కాస్త చదువుకున్నవారైతే భగవద్గీతను సాక్ష్యానికి పిలుస్తారు. పద్దెనిమిదో అధ్యాయం 61వ శ్లోకం. ఈశ్వరుడు ప్రాణులందరి హృదయాల్లో ఉండి, యంత్రానికి ఎక్కించినట్లు మాయచేత తిప్పుతున్నాడని దాని భావం. నిజమే, అలాగే ఉంది. కాని వీరు పుస్తకం అక్కడే మూసేస్తారు. సరిగ్గా రెండు శ్లోకాల తర్వాత, ఇదంతా బాగా విచారించుకుని నీకెలా తోస్తే అలా చెయ్యమని ఆ కృష్ణుడే అర్జునుడితో అంటాడు. యంత్రం మీది బొమ్మను ఆలోచించుకోమని ఎవరైనా అంటారా?

ఈ చిక్కు పాతదే. ప్రాణులన్నీ తమ స్వభావాన్ని బట్టే నడుస్తాయి, నిగ్రహం ఏం చేస్తుంది అని మూడో అధ్యాయం 33లో ఉంది. అలాగైతే శాస్త్రం చెప్పడమే దండగ కదా అనే ఆక్షేపణను శంకరాచార్యులే తన భాష్యంలో లేవనెత్తి, తర్వాతి శ్లోకంతో జవాబిచ్చారు. స్వభావం మనిషిని లాగేది రాగద్వేషాల ద్వారానే, మొదట్లోనే వాటికి లొంగకుండా ఉండడం మనిషి పని అని. ఎద్దుకు బలం ఉంది, పగ్గమూ ఉంది.

మా సైన్సు మిత్రులు కొందరు 1927 నాటి హైజెన్‌బర్గ్ అనిశ్చితి సూత్రాన్ని చూపించి, మనిషికి స్వేచ్ఛ దొరికిందని సంబరపడతారు. నాకు మాత్రం ఒప్పుదల కాదు. ఎలక్ట్రాన్ ఎటు పోతుందో ముందుగా చెప్పలేకపోవడం వేరు, నేను ఆలోచించి ఒక దారి పట్టడం వేరు.

రైతు కొడుకుగా నాకు బాగా పట్టింది 18వ అధ్యాయం 14వ శ్లోకం. ఏ పనికైనా ఐదు కారణాలట: ఆధారం, చేసేవాడు, సాధనాలు, రకరకాల ప్రయత్నాలు, ఐదోది దైవం. ఆధారమంటే దేహమని వ్యాఖ్యాతలు అంటారు గాని నా కళ్లకు పొలమే కనబడుతుంది. మా నాన్న వాన కోసం దణ్ణం పెడతాడు. దుక్కి దున్నకుండా మాత్రం పెట్టడు.

రెండేళ్ల కిందట మా ఊళ్లో పత్తి విత్తనం సగం మొలవలేదు. అడగడానికి వెళ్తే అమ్మినాయన "దైవం అనుకూలించలేదండీ, ఏం చేస్తాం" అన్నాడు. మా పెద్దలు తలలూపి తిరిగొచ్చేశారు. అప్పు మాత్రం ఇంట్లోనే ఉంది. విత్తనం సాధనాల కింద లెక్క కదా, దాన్ని దైవం ఖాతాలో రాస్తే ఎలా?

ఈ ఘట్టానికి రామానుజాచార్యులు చెప్పిన పోలిక ఒకటుంది. పెద్ద బండను పదిమంది కలిసి కదిలిస్తే అందరూ కారణమే, మంచిచెడ్డల విధి ప్రతివాడికీ వర్తిస్తుంది. దేవుడి అనుమతి ఉందని మనిషి జవాబుదారీ మాఫీ కాదన్నమాట. ఆ పత్తి విషయంలో బండ మీద అమ్మినాయన చెయ్యి కూడా ఉంది. ఆయన వంతు ఎంతో అడగడానికి గీత అడ్డు రాదు.